బైపోలార్ రుగ్మత చికిత్సలో పూనిక లోపించడం

పూనిక లోపించడం అనగా ఒక పని చేయవలసి ఉన్నదని తెలిసినా, దానిని మొదలుపెట్టడానికి కావలసిన లోపలి ప్రేరణ కలుగకపోవడం. బైపోలార్ రుగ్మతకు మందులు వాడుతున్నవారిలో ఇది తరచుగా కనిపించే ఇబ్బంది. ఉద్రేకం తగ్గుతుంది, నిద్ర పడుతుంది, ఇంట్లో గొడవలు ఉండవు. కాని మనిషి లేచి స్నానం చేయడానికి కూడా ఇష్టపడడు. చూసేవారికి ఇది బద్ధకంగా తోస్తుంది. అనుభవించేవారికి "ఈ మాత్రలే నన్ను ఇలా చేశాయి" అనిపిస్తుంది. మొదటి అభిప్రాయం సరికాదు. రెండవది కొందరి విషయంలో మాత్రమే, అదికూడా కొంతవరకే నిజం. కారణం తెలుసుకోకుండా మందు మానివేసినవారికి వ్యాధి తిరగబెట్టి ప్రాణాపాయం కలిగే అవకాశం ఉన్నందున ఈ విషయం రోగికి, కుటుంబానికి కూడా తెలిసి ఉండడం అవసరం.

వ్యాధి, మందులు

బైపోలార్ రుగ్మతలో మనఃస్థితి రెండు కొసల మధ్య ఊగుతుంది. ఒక కొసన మేనియా అనబడే ఉద్రేక దశ ఉంటుంది. అందులో నిద్ర అవసరం తగ్గడం, మితిమీరిన ఉత్సాహం లేదా చిరాకు, ఎడతెగని మాటలు, అదుపులేని ఖర్చు కనిపిస్తాయి. రెండవ కొసన కుంగుబాటు దశ ఉంటుంది. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేప్లిన్ 1899లో ఈ రెండింటినీ ఒకే వ్యాధి యొక్క రెండు రూపాలుగా వర్ణించాడు. 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన వర్గీకరణలో దీనికి బైపోలార్ అనే పేరును స్వీకరించిన తరువాత ఆ పేరు స్థిరపడింది.

చికిత్సలో ప్రధానంగా వాడే మందులలో లిథియం, వాల్ప్రోయేట్, లామోట్రిజిన్, క్వెటయాపిన్, ఓలాంజపిన్ మొదలైనవి కలవు. వీటిలో లిథియం అన్నిటికంటె పాతది. మందు వలన మనిషి మందకొడి అవుతాడనే భయం కూడా లిథియంతోనే పుట్టింది అనవచ్చును. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మొదట గినీపందులకు లిథియం లవణం ఎక్కించినపుడు అవి చురుకుదనం కోల్పోయి నిదానంగా పడి ఉండడం గమనించాడు. దాని ఆధారంగానే ఉద్రేక దశలో ఉన్న 10 మంది రోగులకు లిథియం ఇచ్చి, ఫలితాలను 1949లో ప్రచురించాడు. అయితే ఆ జంతువులలో కనిపించిన మగత, మోతాదు మించినందువలన కలిగిన విషప్రభావం కావచ్చునని తరువాతివారు అభిప్రాయపడ్డారు.

కేడ్ మొదటి రోగి కథ ఈ వ్యాసానికి నేరుగా సంబంధించినది. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉన్న ఆ వ్యక్తి లిథియంతో కోలుకొని, ఇంటికి వెళ్లి, తన పాత ఉద్యోగంలో చేరాడు. కొన్ని నెలలకు మందు మానివేశాడు, వ్యాధి తిరగబెట్టింది. మళ్లీ లిథియం మొదలుపెట్టారు. చివరకు 1950లో ఆ మందు యొక్క విషప్రభావంతోనే మరణించాడు. రక్తంలో లిథియం పాళ్లు క్రమంగా కొలిచే పద్ధతి అప్పటికి వాడుకలో లేదు. మందు మానడంలోని ప్రమాదమూ, పరీక్షలు లేకుండా వాడడంలోని ప్రమాదమూ రెండూ ఆ ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తాయి.

పూనిక ఎందుకు తగ్గుతుంది?

కారణం ఒకటే అయి ఉండదు. ఒకే రోగిలో రెండు మూడు కలిసి ఉండవచ్చును.

అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది పూర్తిగా తొలగని కుంగుబాటు. ఉద్రేక దశ ఇల్లంతటికీ తెలుస్తుంది, కాబట్టి అది తగ్గగానే రోగం నయమైనదని అనుకుంటారు. నిజానికి ఈ వ్యాధిలో ఎక్కువ కాలాన్ని ఆక్రమించేది కుంగుబాటే. అమెరికాలో 146 మంది రోగులను సగటున 12.8 సంవత్సరాలపాటు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వారు మొత్తం వారాలలో సుమారు 47 శాతం ఏదో ఒక లక్షణంతో గడిపినట్లు తేలింది. కుంగుబాటు లక్షణాలు ఉన్న వారాలు సుమారు 32 శాతం కాగా, ఉద్రేక లక్షణాలు ఉన్నవి 9 శాతం మాత్రమే. ఏడుపు, విచారం లేకుండా కేవలం ఆసక్తి లేకపోవడంగా కూడా కుంగుబాటు ఉండవచ్చును. అటువంటపుడు దానిని ఎవరూ జబ్బుగా గుర్తించరు.

రెండవది మందుల ప్రభావం. క్వెటయాపిన్, ఓలాంజపిన్ వంటివి మగత కలిగిస్తాయి. రాత్రి ఆలస్యంగా వేసుకుంటే మరునాటి ఉదయం వరకు ఆ మత్తు వదలదు. ఈ తరగతి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని కొంత అడ్డుకుంటాయి. ఫలితం దక్కుతుందనే ఆశతో పనికి పూనుకోవడంలో డోపమైన్ పాత్ర ఉన్నందున, కొందరిలో ఉత్సాహం తగ్గుతుంది. లిథియం కొందరికి ఆలోచన నెమ్మదించినట్లు, మాట వెతుక్కోవలసి వచ్చినట్లు అనిపింపజేస్తుంది. రక్తంలో దాని పాళ్లు అవసరానికి మించి ఉన్నపుడు ఇది ఎక్కువ. వాల్ప్రోయేట్ కొందరిలో రక్తంలోని అమ్మోనియాను పెంచి మందకొడితనం కలిగించవచ్చును. లామోట్రిజిన్ సాధారణంగా మగత గాని, బరువు పెరగడం గాని అంతగా కలిగించదు.

మూడవది శరీరంలోని ఇతర లోపాలు. లిథియం వాడేవారిలో కొందరికి థైరాయిడ్ గ్రంథి పని మందగిస్తుంది. దాని లక్షణాలైన అలసట, చలికి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, మతిమరుపు అచ్చంగా కుంగుబాటును పోలి ఉంటాయి. ఒక రక్తపరీక్షతో తెలిసిపోయే ఈ సంగతి తెలియక, సోమరిపోతు అనే నింద మోసినవారు ఎందరో ఉంటారు. రక్తహీనత, శాకాహారులలో తరచుగా కనిపించే బి12 విటమిన్ లోపం, మధుమేహం కూడా పరిశీలించవలసినవే. మందులతో బరువు పెరిగినవారిలో గురకతో కూడిన నిద్రాభంగం ఏర్పడి, ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూగుతూ ఉండే పరిస్థితి రావచ్చును. మద్యం సంగతి వేరుగా చెప్పనవసరం లేదు.

ఇక నాలుగవది రోగులు మాత్రమే చెప్పగలిగినది. ఉద్రేక దశలో మూడు గంటల నిద్రతో పది పనులు తలకెత్తుకొన్న మనిషికి మామూలు స్థితి కూడా వెలితిగా అనిపిస్తుంది. కొండ మీద నుండి దిగినవాడికి సమతల నేల లోయలా కనిపించినట్లు ఉంటుంది. పోయిన ఉద్యోగం, చేసిన అప్పులు, బంధువుల చూపులు దీనికి తోడవుతాయి. ఏది మొదలుపెట్టినా మళ్లీ పాడవుతుందేమో అనే భయంతో ఏదీ మొదలుపెట్టకుండా ఉండిపోతారు. ఇది వైద్యశాస్త్రంలో మోతాదు మార్చి సరిచేయగలిగినది కాదు. కాలం, తోడు, చిన్న చిన్న విజయాలు దీనికి మందు.

ఈ సందర్భంలో సృజనాత్మకతను గురించిన ఒక అధ్యయనం చెప్పుకోదగినది. లిథియం వలన కళాకారుల ప్రతిభ ఎండిపోతుందనే మాట బాగా వ్యాపించింది. లిథియం వాడకాన్ని శాస్త్రీయంగా నిరూపించినవారిలో ప్రముఖుడైన డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షో, ఆ మందు వాడుతున్న 24 మంది కళాకారులను ప్రశ్నించి 1979లో ఫలితాలు ప్రకటించాడు. 12 మంది తమ పని పెరిగిందని, ఆరుగురు మార్పు లేదని, ఆరుగురు తగ్గిందని చెప్పారు. సంఖ్య చిన్నదే. అయినా, తగ్గిందన్న ఆ ఆరుగురి మాటను కూడా ఆయన దాచలేదు. మందు వలన ఉత్సాహం తగ్గిందని రోగి చెప్పినపుడు వినవలసిన పద్ధతి కూడా అదే. కొట్టిపారవేయరాదు, అందరికీ అంతే అనీ అనుకోరాదు.

మందు మానివేయడం

పూనిక లేనితనం భరించలేక చాలామంది చేసే మొదటి పని మాత్రలు ఆపివేయడం. మొదటి కొద్ది రోజులు నిజంగానే తేలికగా అనిపించవచ్చును, మగత పోతుంది. దానితో తమ అనుమానం రుజువైనదని భావిస్తారు. 1991లో ప్రచురితమైన, 14 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష ప్రకారం, లిథియం ఆపిన తరువాత తిరిగి వచ్చిన వ్యాధి దశలలో సగానికి పైగా మొదటి 10 వారాలలోపే వచ్చాయి. హఠాత్తుగా ఆపడం, క్రమంగా తగ్గించడం కంటె ప్రమాదకరం. ఆత్మహత్యల ముప్పు కూడా అపుడు పెరుగుతుంది.

లామోట్రిజిన్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. కొన్ని రోజులు మాని, మళ్లీ పాత మోతాదుతోనే మొదలుపెడితే ప్రమాదకరమైన చర్మవ్యాధి రావచ్చును. వైద్యుని సలహాతో తక్కువ మోతాదు నుండి మొదలుపెట్టవలసి ఉంటుంది. అలాగే హుషారు కోసం మందుల దుకాణంలో అడిగి కుంగుబాటు మాత్రలు కొనుక్కోవడం ఎంతమాత్రం తగదు. మూడ్ స్థిరపరచే మందు తోడు లేకుండా అవి కొందరిలో ఉద్రేక దశను రేపుతాయి.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మనోవైద్య శాఖాచార్యురాలైన కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ స్వయంగా ఈ వ్యాధి గలవారు. 1995లో వెలువడిన తన ఆత్మకథలో, తొలినాళ్లలో లిథియం పలుమార్లు మానివేసి ఎంత నష్టపోయినదీ వ్రాశారు. ఎక్కువ మోతాదులో ఉన్నపుడు చాలా ఏళ్లు గంభీరమైన పుస్తకాలు చదవలేకపోయాననీ, మోతాదు తగ్గించిన తరువాత ఆ శక్తి తిరిగి వచ్చిందనీ కూడా వ్రాశారు. ఆమెకు చదువు తిరిగి దక్కినది మందు మానినందువలన కాదు, మోతాదు సరిచేసినందువలన.

వైద్యునికి ఎలా చెప్పాలి?

రద్దీగా ఉండే ఆసుపత్రిలో వైద్యుని ఎదుట దొరికే సమయం కొద్ది నిమిషాలే. "నీరసంగా ఉంది డాక్టరుగారూ" అంటే ఒక బలం మాత్ర వ్రాసి పంపవచ్చును. కాబట్టి ఏ రకమైన నీరసమో విడమరచి చెప్పడం మంచిది. "చేయాలని ఉన్నది, కాని కళ్లు మూసుకుపోతున్నాయి" అంటే మందు మగత కావచ్చును. "చేయాలనే లేదు, ఇదివరకు ఇష్టమైన పాటలు కూడా రుచించడం లేదు" అంటే కుంగుబాటును అనుమానించాలి. "మొదలుపెడతాను, కాని రెండు పేజీలు చదివితే ఏమి చదివానో గుర్తుండదు" అన్నది మూడవ రకం, ఇది లిథియం పాళ్లను, థైరాయిడ్‌ను చూడవలసిన లక్షణం. ఎప్పటి నుండి, ఏ మందు మార్చిన తరువాత, రోజులో ఏ వేళ ఎక్కువ అనేవి కూడా ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్లాలి.

లిథియం పరీక్షకు రాత్రి మాత్ర వేసుకొన్న 12 గంటల తరువాత రక్తం ఇవ్వాలి, ఉదయపు మాత్ర పరీక్ష అయిన పిదపనే వేసుకోవాలి. దీర్ఘకాలిక చికిత్సలో సాధారణంగా లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. ఈ పరిధిలోనే కొంచెం దిగువకు తెస్తే కొందరికి చురుకుదనం తిరిగి వస్తుంది. ఆ నిర్ణయం వైద్యునిదే. మగత కలిగించే మాత్రను ముందుగా, అనగా రాత్రి భోజనం వేళకు మార్చడం, మోతాదు తగ్గించడం, మందునే మార్చడం ఇవన్నీ వైద్యుని చేతిలో ఉన్న ఉపాయాలు. గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలు వాల్ప్రోయేట్ గురించి తప్పక అడగాలి, అది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది.

మన ప్రాంతపు ఎండల దృష్ట్యా ఒక హెచ్చరిక అవసరం. చెమటతో, వాంతులు విరేచనాలతో నీరు, ఉప్పు కోల్పోయినపుడు రక్తంలో లిథియం పెరుగుతుంది. రక్తపోటు కోసమో, వ్రతనియమంగానో ఒక్కసారిగా చప్పిడి తిండికి మారినా అంతే. ఒళ్లునొప్పులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా పెంచుతాయి, పారాసెటమాల్‌తో ఆ బెడద లేదు. చేతులు బాగా వణకడం, మాట తడబడడం, నడక తూలడం, అయోమయం కనిపిస్తే అది పూనిక లేకపోవడం కాదు, విషప్రభావం. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

నిత్యజీవితంలో పాటించదగినవి

"మనసుంటే మార్గముంటుంది" అని పెద్దలంటారు. ఇక్కడ వచ్చిన చిక్కే మనసు లేకపోవడం. అందువలన మానసిక చికిత్సకులు ఈ క్రమాన్ని తిరగవేసి, మనసు కుదిరే వరకు ఆగకుండా ముందు పని మొదలుపెట్టమంటారు. కుంగుబాటులో మనిషి పనులు మానుకొనేకొద్దీ సంతోషం కలిగించే అవకాశాలు తగ్గి కుంగుబాటు మరింత పెరుగుతుందనీ, కాబట్టి పనులను తిరిగి చేర్చడమే చికిత్స అనీ అమెరికా మనస్తత్వవేత్త పీటర్ లెవిన్‌సన్ 1970లలో ప్రతిపాదించాడు. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది.

ఇందులో కిటుకంతా పనిని నవ్వువచ్చేంత చిన్నదిగా చేయడంలో ఉన్నది. "రేపటి నుండి రోజూ గంట నడుస్తాను" అనరాదు. చెప్పులు వేసుకొని వీధి గుమ్మం దాకా వెళ్లాలి, అంతవరకే ఈనాటి పని. ఇల్లు సర్దడం కాదు, ఒక్క కుర్చీ మీది బట్టలు మడతపెట్టాలి. స్నానం భారంగా ఉంటే ముఖం కడుక్కొని చొక్కా మార్చుకోవాలి. పరీక్షలో ఏమీ వ్రాయక బిక్కమొగం వేసుకొని కూర్చున్న విద్యార్థిని "ప్రశ్న సంఖ్య ఒక్కటి వేయి నాయనా" అంటే కొంతసేపటికి జవాబు కూడా వ్రాయడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. పని చేసిన తరువాత ఎలా ఉన్నదో పదింటికి ఒక అంకె వేసి నోటుపుస్తకంలో వ్రాయాలి. చేయకముందు ఊహించినదానికంటె చేసిన తరువాత అంకె మెరుగ్గా ఉండడం చాలామంది గమనిస్తారు. మెరుగ్గా లేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు ఏమీ జరగకపోతే మరునాడు అదే చిన్న పనితో మొదలుపెట్టాలి గాని, బాకీ తీర్చినట్లు రెండింతలు చేయబూనరాదు.

వేళ పాటించడం ఈ వ్యాధిలో ప్రత్యేకించి ముఖ్యం. ఎలెన్ ఫ్రాంక్ అనే మనస్తత్వవేత్త పిట్స్‌బర్గ్‌లో రూపొందించిన చికిత్స, లేచే వేళ, మొదటి మనిషిని పలకరించే వేళ, పని మొదలుపెట్టే వేళ, భోజనం, పడక వంటివాటిని ప్రతిరోజూ ఒకే సమయానికి కుదర్చడం మీద ఆధారపడినది. వీటిలో లేచే వేళను ముందుగా స్థిరపరచుకోవడం తేలిక. పాలు తేవడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి పని ఉదయానికి కేటాయిస్తే వెలుతురు, నడక రెండూ దక్కుతాయి. నిద్ర చెడితే ఉద్రేక దశ రావచ్చును గనుక శివరాత్రి జాగారం, రంజాన్ మాసపు తెల్లవారుజాము భోజనాలు, అమెరికా వేళలకు పనిచేసే రాత్రి ఉద్యోగాలు, దూరదేశ ప్రయాణాలు వంటివాటి గురించి ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి.

పూనిక మరీ హఠాత్తుగా తిరిగి వచ్చినా జాగ్రత్తపడవలసిందే. నాలుగు గంటలే నిద్రపోయి అలసట లేకుండా ఉండడం, ఒకేసారి అనేక పథకాలు వేయడం, మాట వేగం పెరగడం కోలుకున్న గుర్తులు కావు. ఉత్సాహం వచ్చినరోజున కూడా పనిని నియమితంగానే చేసి ఆపగలగడం నేర్చుకోవాలి. నీరసపు రోజున ఒక్క అడుగు వేయడం కంటె ఇది కష్టమని అనుభవజ్ఞులు చెబుతారు.

కుటుంబ సభ్యుల పాత్ర

"తిని పడుకోవడం తప్ప నీకేం పని" అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అది కోపంతో కాక దిగులుతో అన్నదే అయినా, వినేవారు ఆ దిగులును వినలేరు. అలాగని అన్ని పనులూ తీసివేసి మంచం మీదికి కంచం అందించడం కూడా మేలు చేయదు. తోడుండి చేయించడం ఈ రెండింటికంటె మంచిది. "వెళ్లి నడువు" అనడానికి బదులు "నేను కూరగాయలకు వెళుతున్నాను, సంచి పట్టుకొని రా" అనవచ్చును. తల్లి చిక్కుళ్లు ఒలుస్తూ సగం గంప ఎదుట పెడితే చాలు, ఏమీ చెప్పనవసరం లేదు. మందుల డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు సర్దిపెట్టడం, పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకోవడం కుటుంబం పంచుకోదగిన పనులు. "మాత్ర వేసుకున్నావా" అనే ప్రశ్న రోజుకు ఒక్కసారి, ఒక్కరే అడగడం మంచిది. నలుగురూ అడిగితే అది నిఘా అవుతుంది.

వివాహ ప్రయత్నాల సమయంలో మందులు దాచిపెట్టడం, కొంతకాలం మానిపించడం మన సమాజంలో ఉన్నదే. పెళ్లి హడావుడిలో నిద్ర లేకపోవడం, మందు లేకపోవడం రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

సహాయం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 మానసిక వ్యాధిని కూడా వైకల్యాలలో చేర్చింది. తగిన స్థాయిలో వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారికి రాయితీలు లభిస్తాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ వ్యవస్థలో మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తెలుగువారికి చిరకాలంగా తెలిసినవి. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌కు కూడా రాయలసీమ జిల్లాల నుండి చాలామంది వెళుతుంటారు. బోధనాసుపత్రులలో మనోవైద్య విభాగాలు ఉన్నవి.

పూనిక లేకపోవడం "బ్రతికి ఏం లాభం" అనే ఆలోచనగా మారితే తరువాతి అపాయింట్‌మెంటు వరకు ఆగరాదు. రోగిని ఒంటరిగా వదలక, మాత్రల నిల్వను ఇతరులు తమ అధీనంలో ఉంచుకొని, దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకొనిపోవాలి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. రోగే చేయనక్కరలేదు, ఇంట్లోవారు కూడా చేయవచ్చును.